యాభై కేబీల గుమ్మం

ఉద్యోగాలకీ, కాలేజీ సీట్లకీ, పథకాలకీ ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకునే శాఖల ఉన్నతాధికారులకు, ఆ వెబ్‌సైట్లు తయారు చేయించే వారికి

అయ్యా, అమ్మా,

నేను పార్వతీపురంలో బస్టాండుకి దగ్గర్లో 2008 నుంచి నెట్ సెంటర్ నడుపుతున్నాను. రెండు కంప్యూటర్లతో మొదలుపెట్టాను, ఇప్పుడు ఐదున్నాయి. ఒక స్కానరు, రెండు ప్రింటర్లు, గోడకి కట్టిన తెల్ల దుప్పటి, దాని ముందు ఒక ప్లాస్టిక్ స్టూలు. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, కొమరాడ వైపు నుంచి బస్సు దిగిన పిల్లలు చాలామంది దరఖాస్తు పెట్టుకోవడానికి నా దగ్గరికి వస్తారు. మీ నోటిఫికేషన్ పడిన రోజు నుంచి గడువు ముగిసే అర్ధరాత్రి దాకా మీ ఫారానికీ వాళ్లకీ మధ్య కూర్చునేదాన్ని నేను. అక్కడ కూర్చుని ఇన్నేళ్లుగా చూసినది మీకు చెప్పాలని ఈ ఉత్తరం.

పేరు, పుట్టిన తేదీ, కులం, చదువు, చిరునామా. వీటిని నింపడానికి ఎంత నిదానంగా చేసినా అరగంట చాలు. ఇప్పటి పిల్లలు అదంతా తమ ఫోనులోనే చేసుకుంటున్నారు కూడా. ఆగిపోయేది ఫొటో దగ్గర, సంతకం దగ్గర.

ఒక నియామకానికి గడువు ఆఖరి రాత్రి. పదకొండు దాటింది. షట్టరు సగం దించి, లోపల ఉన్న నలుగురి పని చూస్తున్నాను. గుమ్మలక్ష్మీపురం పైన కొండ మీద ఊరి నుంచి వచ్చిన అమ్మాయి, బీఈడీ చేసింది, వంగి లోపలికొచ్చింది. ఫారమంతా తన ఫోనులోనే నింపుకుంది. ఒక్క తప్పు లేదు. సంతకం దగ్గర ఆగిపోయింది. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో సంతకం చేసి, ఎండలో పెట్టి ఫొటో తీసి, చుట్టూ ఉన్నదంతా కత్తిరించి ఎక్కించింది. ఫైలు 10 నుంచి 20 కేబీల మధ్య ఉండాలని ఎర్రటి అక్షరాలొచ్చాయి, అదీ ఇంగ్లీషులో. ఎక్కువైందేమో అనుకుని తగ్గించింది. మళ్లీ అదే మాట. ఇంకా తగ్గించింది. నా చేతికి వచ్చేసరికి ఆ సంతకం 4 కేబీలుంది. "అక్కా, ఎంత తగ్గించినా ఒప్పుకోట్లేదు" అంటోంది. మొదట తీసిందెంతో చూస్తే 7 కేబీలు. అంటే ఆ సంతకం మొదటి నుంచీ చిన్నదే. తగ్గించమని ఊరంతా చెప్పే చోట, పెంచాలని ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?

ఇంకో కాగితం మీద సంతకం చేయించి, స్కాన్ చేసి, వీలైనంత తక్కువ కుదించి సేవ్ చేశాను. 13 కేబీలొచ్చింది. పన్నెండుకి పావుగంట ముందు దరఖాస్తు లోపలికి వెళ్లింది. ఆఖరి బస్సు ఎప్పుడో పోయింది. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుని పొద్దున్నే వెళ్లింది.

ఇలా ఎందుకవుతుందో కొంచెం వివరంగా రాస్తాను. మీకు తెలియదని కాదు. ఫారంలో ఆ అంకెలు పెట్టిన వారు దీన్ని దగ్గర నుంచి చూసి ఉండరని నా అనుమానం.

మనం ఎక్కించే ఫొటోలు, సంతకాలు దాదాపు అన్నీ జేపీఈజీ ఫైళ్లు. 1992లో ఖాయమైన పద్ధతి అది. బొమ్మని అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది చుక్కలుండే చిన్న చిన్న గళ్లుగా విడదీస్తుంది. ఒక్కో గడిలో వెలుగు, రంగు ఎంతగా మారుతున్నాయో లెక్క కడుతుంది. ఏ మార్పూ లేని గడికి దాదాపు ఏమీ రాసుకోదు. జుట్టు, చీర అంచు, చెట్ల ఆకులు పడిన గడికి చాలా రాసుకోవాలి. కంటికి ఆనని సన్నని తేడాల్ని వదిలేస్తుంది. ఈ లెక్కకి మూలం 1974 జనవరిలో అచ్చయిన నాలుగు పేజీల వ్యాసం. దాని మీద ముగ్గురి పేర్లున్నాయి: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ఆ మూడో ఆయన కామిశెట్టి రామమోహనరావు గారు. మద్రాసులో ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. 2021లో పోయారు. నా సెంటర్లో రోజూ వందల ఫొటోలు ఆ ముగ్గురి లెక్క మీదే చిన్నవవుతున్నాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి దరఖాస్తుకి వచ్చిన పిల్లలకి కామిశెట్టి అన్న ఆ ఇంటిపేరు చెబుతూ ఉంటాను. వాళ్ల మొహాలు ఒక్క క్షణం వెలుగుతాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి సంతకాన్ని ఈ లెక్కలో పెట్టి చూడండి. తెల్ల కాగితం మీద నాలుగు నల్ల గీతలు. గళ్లలో చాలా భాగం ఖాళీ తెలుపు. కాగితం ఎంత శుభ్రంగా ఉంటే, వెలుతురు ఎంత సమంగా పడితే, ఫైలు అంత చిన్నదవుతుంది. అదే సంతకాన్ని మసక దీపం కింద, చేతి నీడ పడేలా, నలిగిన కాగితం మీద తీస్తే గడి గడికీ మార్పే కాబట్టి 15 కేబీలవుతుంది. మురికిగా వచ్చిన సంతకం సాఫీగా లోపలికి పోతోంది, శుభ్రంగా తీసినది బయట నిలబడుతోంది. 10 కేబీలకి తగ్గకూడదన్న నియమం చేస్తున్న పని ఇదీ.

బ్యాంకు ఉద్యోగాల పరీక్షల్లో చాలాకాలంగా వాడుతున్న కొలతల్నే మన రాష్ట్రాల ఫారాలు కూడా చాలా చోట్ల పట్టుకున్నాయి. ఫొటో 200 పిక్సెళ్ల, అంటే 200 చుక్కల వెడల్పు, 230 ఎత్తు, 20 నుంచి 50 కేబీలు. సంతకం 140 వెడల్పు, 60 ఎత్తు, 10 నుంచి 20 కేబీలు. ఆ సంతకంలో ఉన్న చుక్కలన్నీ కలిపితే 8,400. ఒక్కో చుక్కకి మూడు రంగుల లెక్కన మూడు బైట్లు, అస్సలు కుదించకుండా రాసుకున్నా 25,200 బైట్లు. అంటే 25 కేబీలే. అందులో కనీసం 10 ఉండాలంటే, కుదించడానికని పుట్టిన పద్ధతిని కుదించవద్దని చెప్పడమే. ఈ అంకెల్ని ఎవరో ఒకసారి పెట్టారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫారమూ దాన్ని చూసి రాసుకుంది. దయచేసి ఒకసారి ఆ కనీసపు అంకెని తీసేసి చూడండి. ఎవరికీ ఏ నష్టమూ రాదు.

గరిష్ఠ పరిమితి వేరే సంగతి. లక్షల మంది పంపే ఫొటోలు దాచాలి, హాల్‌టికెట్ మీద ముద్రించాలి, కాబట్టి చిన్నగా ఉండాలనడంలో న్యాయముంది. మామూలు ఫోను కెమెరా తీసే ఫొటో వెడల్పు 4,000 చుక్కలు, ఎత్తు 3,000. కోటీ ఇరవై లక్షల చుక్కలు. మీకు కావాల్సినది 46,000. ప్రతి 260 చుక్కలకి ఒక్కటి మిగిలితే చాలు. ఈ తగ్గించే పనిని కొండ మీద ఊరి నుంచి వచ్చిన పిల్ల తన చేత్తో, తనకి తెలియని మాటలతో, గడువు లోపల చేయాలా, మీ ఫారం చేయాలా అన్నదే నా ప్రశ్న.

ఆ తెలియని మాటలు ఎన్నో. ఒక ఫారం కేబీలు అడుగుతుంది. ఇంకొకటి పిక్సెళ్లు. మరొకటి 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 ఎత్తు అంటుంది. కాగితం మీద అతికించే ఫొటోకి సెంటీమీటర్లు సరే. తెర మీద ఫైలుకి సెంటీమీటర్లుండవు. అంగుళానికి ఎన్ని చుక్కలో చెబితేనే దానికి అర్థం. 200 చొప్పున వేస్తే అది 276 వెడల్పు, 354 ఎత్తు. 300 చొప్పున వేస్తే 413, 531. రెండూ ఆ సెంటీమీటర్లే. కొమరాడ దగ్గర ఊరి నుంచి కూతురితో వచ్చిన ఒక తండ్రి, రోజుకూలీ చేసుకునే మనిషి, తన సంచిలోంచి పిల్ల స్కూలు స్కేలు తీసి నా మానిటర్ మీద ఆనించి కూతురి ఫొటోని కొలిచాడు. "సరిగ్గా మూడున్నరే ఉందమ్మా, మరెందుకు తీసుకోదు?" అన్నాడు. మీ ఫారంలో రాసిన మాటకి ఆయన చేసింది ఖచ్చితంగా సరైన పని. ఆయనకి సమాధానం చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

కేబీ అన్న మాట కూడా ఒక్కలా లేదు. కంప్యూటర్లో విండోస్ 1,024 బైట్లని ఒక కేబీగా లెక్కపెడుతుంది. కొన్ని ఫారాలు 1,000ని లెక్కపెడతాయి. నా తెర మీద 49.5 కేబీలని కనిపించే ఫైలు ఆ ఫారం లెక్కలో 50 దాటిపోతుంది. ఎదురుగా కూర్చున్న కుర్రాడికి నేనే తప్పు చేశానని అనిపిస్తుంది.

ఇంకొకటి, దీని వల్ల పరీక్ష హాలు గేటు దగ్గర పిల్లలు ఏడ్చిన రోజులున్నాయి. ఫోనుని నిలువుగా పట్టుకుని తీసిన ఫొటోని చాలా ఫోన్లు పక్కకి పడుకోబెట్టే దాచుకుంటాయి. 'చూపించేటప్పుడు దీన్ని నిలబెట్టి చూపించు' అని ఫైలు లోపల ఒక చిన్న గుర్తు రాసుకుంటాయి. ఫోను ఆ గుర్తు చదువుతుంది, కాబట్టి ఫొటో నిటారుగా కనిపిస్తుంది. కొన్ని వెబ్‌సైట్లు ఆ గుర్తు చదవవు. పిల్ల నిటారుగా ఉన్న ఫొటో ఎక్కించాననుకుని ఇంటికెళ్తుంది. నెల తర్వాత హాల్‌టికెట్ తీస్తే మొహం పక్కకి పడుకుని ఉంటుంది. గేటు దగ్గర అటెస్టేషన్ తెమ్మంటారు. ఉదయం ఎనిమిదింటికి గెజిటెడ్ అధికారి ఎక్కడ దొరుకుతాడు? దరఖాస్తు పెట్టేటప్పుడే, హాల్‌టికెట్ మీద మీ ఫొటో ఇలా కనిపిస్తుంది అని ఒకసారి చూపించి ఉంటే ఆ పిల్లే తిప్పుకునేది.

ఈ ఇబ్బందులన్నిటికీ జనం ఒక దారి వెతుక్కున్నారు, అది నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెడుతోంది. ఫొటోని 50 కేబీలకి తగ్గించడం ఎలా అని వెతికితే ఊరూ పేరూ లేని వెబ్‌సైట్లు వందలు వస్తాయి. అందులో ఫొటో వేస్తారు, సంతకం వేస్తారు. ఆ అలవాటుతోనే ఆధార్ కార్డు, పదో తరగతి మార్కుల జాబితా, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ కూడా వేసేస్తారు, ఎందుకంటే వాటికీ మీరు ఒక పరిమితి పెట్టారు. ఒక మనిషి మొహం, సంతకం, ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య ఒకే సాయంత్రం ఎక్కడుందో తెలియని సర్వర్‌కి చేరిపోతున్నాయి. ఆ వెబ్‌సైట్లు నడిపేవాళ్లలో మంచివాళ్లూ ఉండొచ్చు. ఆ పిల్లలకి ఎవరు ఎవరో తెలిసే దారి మాత్రం లేదు. నా సెంటర్లో ఏ ఫైలైనా మా కంప్యూటర్లో ఉన్న పెయింట్‌లోనే తగ్గిస్తాను, పని అయ్యాక వాళ్ల ముందే చెరిపేస్తాను. కానీ సెంటరు దాకా రాలేని వాళ్లే ఎక్కువ.

ఒక్కో ఫొటో, సంతకం సరిచేసినందుకు నేను 30 రూపాయలు తీసుకుంటాను. గడువు దగ్గర పడ్డ వారంలో నాకు మంచి ఆదాయం. మీరు నేను అడిగినట్టు చేస్తే ఆ ఆదాయం పోతుంది, తెలిసే రాస్తున్నాను. కొండ దిగి వచ్చిన పిల్లకి ఆ 30 రూపాయలతో అయిపోదు. బస్సు ఛార్జీ, ఒక పూట భోజనం, తోడొచ్చిన నాన్నకి ఆ రోజు కూలి. ఒక బొమ్మని చిన్నది చేయడానికి ఇంత ఖర్చు. నాకు ప్రింట్లున్నాయి, జిరాక్సులున్నాయి, ఎలాగో బతుకుతాను.

చేయాల్సిన పని పెద్దది కాదు. మీకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే వాళ్లని అడగండి. ఫోనులో ఉండే బ్రౌజరే ఫొటోని తెరిచి, చుట్టూ ఒక పెట్టె చూపించి, మొహం అందులోకి వచ్చేలా వేలితో జరుపుకోనిచ్చి, పక్కకి పడుకుని ఉంటే నిలబెట్టి, కావాల్సిన చుక్కలకి తగ్గించి, ఆ తగ్గించినదాన్ని మాత్రమే మీకు పంపగలదు. ఈ సదుపాయం బ్రౌజర్లలో ఎన్నో ఏళ్లుగా ఉంది. పనంతా దరఖాస్తుదారు ఫోనులోనే జరుగుతుంది కాబట్టి మీ సర్వర్ మీద భారం పడదు. 5 ఎంబీల ఫొటో బదులు 40 కేబీలే ప్రయాణం చేస్తాయి కాబట్టి ఒక్క గీత సిగ్నలున్న ఊరి నుంచి కూడా వెళ్తుంది. ఏ ఫైలు రకమైనా తీసుకోనివ్వండి. ఐఫోన్లు 2017 నుంచి హెచ్ఈఐసీ అనే వేరే రకంలో ఫొటోలు దాస్తున్నాయి, దాన్ని ఫారం వద్దంటే ఆ మనిషికి ఏమీ పాలుపోదు. తీసుకోలేకపోతే ఎందుకు తీసుకోలేదో తెలుగులో ఒక వాక్యం చెప్పండి. 'మీ సంతకం 7 కేబీలుంది, కనీసం 10 ఉండాలి' అని ఒక్క మాట ఉంటే ఆ బీఈడీ అమ్మాయి దాన్ని 4కి తగ్గించుకునేది కాదు.

ఇంతవరకూ మీరు మా దగ్గర తీసుకునే బొమ్మల గురించి. మీరు మాకు పంపే బొమ్మల గురించి కూడా చెప్పాలి.

నా సెంటరుకి నెలకి ఒకటి రెండుసార్లు వచ్చే కుర్రాడున్నాడు. ఎంఏ తెలుగు చేశాడు. చూపు లేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో నాకంటే వేగంగా మెయిళ్లు చూసుకుంటాడు. కంప్యూటర్ మీద కూర్చుంటే ఎన్‌వీడీఏ వాడతాడు, అది ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. ఒకరోజు ఫోను నా కౌంటరు మీద పెట్టి, "వినండక్కా" అని ఒక మెయిల్ తెరిచాడు. సర్టిఫికెట్ల పరిశీలన గురించి అని పైన ఉన్న విషయం చదివింది. వేలు కిందికి జరిపాడు. "ఇమేజ్" అంది. ఇంకా జరిపాడు. "ఇమేజ్" అంది. అక్కడితో ఆగిపోయింది. ఎవరో రెండు పేజీల ఉత్తరాన్ని ఫోనుతో ఫొటో తీసి మెయిల్లో అతికించారు. రెండు పేజీల ఉత్తరం అతని చెవికి రెండు మాటలు.

నేను చదివి వినిపించాను. ఏ రోజు, ఏ చోటు, ఏ ఏ కాగితాలు తేవాలి, అందులో వైకల్య ధ్రువపత్రం ఎంత శాతంతో ఉండాలి, అంతా. సెంటర్లో అప్పుడు ఎనిమిది మంది ఉన్నారు. అతని సొంత కబురు అతనికంటే ముందు నేను చదివాను, తర్వాత ఎనిమిది మంది విన్నారు. ఆ కుర్రాడు థాంక్స్ చెప్పి వెళ్లాడు. నాకు ఆ రోజంతా మనసు బాగోలేదు.

ఇది దయ చూపమని అడగడం కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అచ్చులో, ఆడియోలో, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో వచ్చే సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చూడాలని దాని 42వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకి కేంద్రం మార్గదర్శకాలు 2009లోనే ఇచ్చింది, 2023లో వాటి మూడో కూర్పు తెచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడికి గురైన వాళ్లు, చూపు లేని ఒక పిటిషనరు వేసిన కేసుల్లో తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవల్ని అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. బ్యాంకు కేవైసీకి ఫొటో తీసుకోవడం, తెర మీద సంతకం పెట్టడం, కెమెరా ముందు కనురెప్పలు ఆడించడం, ఇవే ఆ కేసుల్లోని సమస్యలు. నా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునే వాళ్ల సమస్యలూ ఇవే.

ఉత్తరాల్ని ఫొటోలుగా ఎందుకు పంపుతారో నాకు తెలుసు. పాత అలవాటు కొద్దీ అను, శ్రీలిపి ఫాంట్లలో టైపు చేస్తారు. అవి లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఆ గొడవ లేకుండా ప్రింటు తీసి, సంతకం పెట్టించి, గుండ్రటి ముద్ర వేయించి, ఫొటో తీసి పంపేస్తారు. సంతకం, ముద్ర కళ్లకి కనిపిస్తేనే అసలు ఉత్తరమన్న నమ్మకం కూడా ఒకటుంది. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను, మా జనానికీ అదే నమ్మకం. కానీ తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. చేతిలో ఉన్న ప్రతి ఫోనూ ఆ అక్షరాల్నే చూపిస్తోంది. డిజిటల్ సంతకానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమే గుర్తింపు ఇచ్చింది. ఉత్తరం మాటల్ని మెయిల్లోనే అక్షరాలుగా టైపు చేయండి. ముద్ర ఉన్న కాపీ కూడా కావాలంటే దాని కింద జత చేయండి. ఒకటి చదువుకోవడానికి, ఒకటి ఫైల్లో పెట్టుకోవడానికి.

చూపున్న వాళ్లకి కూడా ఫొటో ఉత్తరం చేసే అపకారం తక్కువేం కాదు. ఇందాక చెప్పిన గళ్ల పద్ధతి మొహాలకి, కొండలకి, ఆకాశానికి బాగా పనిచేస్తుంది. అక్షరాలకి పనిచేయదు. నలుపు తెలుపు పక్కపక్కనే తెగిపోయే చోట దాని లెక్క తడబడుతుంది, అక్షరం చుట్టూ బూడిదరంగు మరకలు కమ్ముకుంటాయి. ఒకసారి సేవ్ చేస్తే కొంచెం, వాట్సాప్‌లో ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి మళ్లీ మళ్లీ దించి ఎక్కిస్తే ఇంకొంచెం. ఇంగ్లీషు అక్షరం ఆ మరకలో కొంతవరకు నిలబడుతుంది. మన ఒత్తులు, సుడులు, తలకట్లు ముందు కరిగిపోతాయి. వ, ప ఒక్కలా అయిపోతాయి. అంకెల్లో 3, 8 కలిసిపోతాయి. నా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి అలాంటి నాలుగో చేతి ఫొటోలో 13ని 18గా చదివాడు. ఐదు రోజులు ఆలస్యంగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు కవరులో పెట్టుకుని వెళ్లాడు. తిరిగొచ్చి ఆ ఫొటో నాకు చూపించాడు. నేను పెద్దది చేసి చూశాను. నాకూ 18లాగే కనిపించింది.

తప్పనిసరిగా అక్షరాలున్న బొమ్మే పంపాల్సి వస్తే పీఎన్‌జీ రకంలో పంపితే అంచులు చెదరవు, చిన్నపాటి సాయం. ఫలితాల పట్టికల్ని మాత్రం ఎప్పుడూ బొమ్మగా పెట్టకండి. వందల పేజీల్లో తన నంబరు వెతుక్కునే పిల్లకి, వెతికే గడిలో నంబరు కొడితే దొరకాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో అది దొరకదు, ఎందుకంటే అందులో అంకెలు లేవు, అంకెల ఫొటోలున్నాయి. నంబరు దొరకలేదని, ఫెయిలయ్యాననుకుని వెళ్లిపోయిన పిల్లని బస్టాండు దాకా పరిగెత్తి వెనక్కి పిలిచాను ఒకసారి. 61వ పేజీలో ఉంది ఆమె నంబరు.

మెయిల్లో బొమ్మ ఎలా ప్రయాణం చేస్తుందో కూడా మీ సిబ్బందికి ఒకసారి చెప్పించండి. మెయిల్ పుట్టింది అక్షరాల కోసం. బొమ్మల్ని జత చేసే పద్ధతి 1992లో వచ్చినప్పుడు, బొమ్మని కూడా అక్షరాలుగా మార్చి పంపడమే దారి అయింది. మూడు బైట్ల బొమ్మ నాలుగు అక్షరాలవుతుంది. అందుకే జత చేసిన బొమ్మలు దారిలో మూడో వంతు బరువెక్కుతాయి. అవతల ఉచిత ఖాతా ఉన్న పిల్లకి ఆ బరువు పెట్టెలో పేరుకుపోతుంది. పెట్టె నిండితే మీ తర్వాతి ఉత్తరం చేరదు. ఇంకా, బయటి సర్వర్ నుంచి తెచ్చి చూపించే బొమ్మల్ని చాలా మెయిల్ ప్రోగ్రాములు మనం ఒప్పుకునేదాకా చూపించవు. మొత్తం కబురు ఆ బొమ్మలోనే ఉంటే వాళ్లకి కనిపించేది ఒక ఖాళీ గడి. మెయిల్ వచ్చింది కానీ ఏమీ లేదక్కా అని ఫోను పట్టుకుని వచ్చిన వాళ్లని లెక్కపెట్టలేను.

బొమ్మలే వద్దని నేనడం లేదు. పరీక్షా కేంద్రానికి దారి చూపే మ్యాపు మెయిల్లో ఉంటే ఎంత మేలో. దాన్ని పెట్టేటప్పుడు, బొమ్మ మీద నొక్కితే దాని వివరం రాసే గడి ఒకటి వస్తుంది. వర్డ్‌లో ఉంది, గూగుల్ డాక్స్‌లో ఉంది, జీమెయిల్లో కూడా ఉంది. ఆల్ట్ టెక్స్ట్ అంటారు. 'బస్టాండు నుంచి తూర్పుగా రెండో మలుపు, నీళ్ల ట్యాంకు ఎదురు భవనం' అని అందులో ఒక్క వాక్యం రాస్తే ఆ ఎంఏ కుర్రాడి ఫోను 'ఇమేజ్' అనే బదులు ఆ వాక్యం చదువుతుంది. రాయడానికి అర నిమిషం పడుతుంది.

చివరగా ఒక మనవి. మీ కొత్త ఫారం జనంలోకి వదిలే ముందు, ఆఫీసులో పెద్ద తెర మీద, వేగమైన నెట్ మీద చూసి సరే అనకండి. వదలడానికి ఒక వారం ముందు ఎవరినైనా ఒకరిని, ఆ ఫారం రాసిన ఇంజనీర్నే అయితే మరీ మంచిది, మా లాంటి ఊరికి పంపండి. పొద్దున్న ఏడింటికి నేను షట్టరు తీస్తాను. కురుపాం మొదటి బస్సు దిగిన వాళ్లు అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంటారు. వాళ్ల చేతికే, వాళ్ల ఫోనులోనే మీ ఫారం ఇచ్చి, పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా చూడమనండి. ఆ ఎంఏ కుర్రాడికి కూడా కబురు పెడతాను, వస్తానన్నాడు. మీరు పంపినవారికి కుర్చీ వేస్తాను, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

ఇట్లు,
పార్వతీపురం బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడుపుకునే ఒక మహిళ